పెట్టె దాచినవాడి మాట

నల్గొండ జిల్లాలో భూముల సర్వేయరుగా పనిచేసి రిటైరయినవాడిని. గొలుసు లాగి పొలాలు కొలిచిన రోజుల నుంచి డీజీపీఎస్ యంత్రం భుజాన మోసిన రోజుల దాకా చూశాను. మా అమ్మాయి వాళ్లు అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలోని హిల్స్‌బరోలో ఉంటారు. ఎండాకాలంలో వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడల్లా క్లాకమస్ నది ఒడ్డున అడవిలో టెంటు వేసుకుని రెండు మూడు రోజులుండటం, అక్కడ జియోక్యాషింగ్ ఆడటం మా ఇంటి అలవాటయింది. ఆట తెలియనివాళ్లకు ఒక మాట. ఎవరో ఒక చిన్న పెట్టె దాచి, అది ఉన్న చోటు అక్షాంశం, రేఖాంశం యాప్‌లో పెడతారు. మనం జీపీఎస్‌తో వెతుక్కుంటూ వెళ్లి, పెట్టె తెరిచి, లోపలున్న చిన్న పుస్తకంలో పేరు, తేదీ రాసి, పెట్టెను ఎక్కడిదక్కడ పెట్టి రావాలి.

ఈ ఆట పుట్టిందీ ఆ ప్రాంతంలోనే. పౌరులు వాడే జీపీఎస్ సంకేతాల్లో అమెరికా ప్రభుత్వం అంతకుముందు కావాలనే కొంత తప్పు కలిపేది. దాన్ని ఆపేస్తున్నామని అధ్యక్షుడు క్లింటన్ 2000 మే 1న ప్రకటించాడు. అప్పటిదాకా వంద మీటర్ల వరకు తేడా చూపిన యంత్రాలు రాత్రికి రాత్రే పది, ఇరవై మీటర్ల తేడాకు వచ్చాయి. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన బీవర్‌క్రీక్ దగ్గర రోడ్డు వారన చెట్లలో ఒక నల్ల బకెట్ దాచి, ఆ చోటు అంకెలు ఇంటర్నెట్‌లో తోటి జీపీఎస్ ప్రియులకు చెప్పాడు. కొద్ది రోజుల్లోనే పక్కనున్న వాషింగ్టన్ రాష్ట్రం నుంచి మైక్ టీగ్ అనే ఆయన వచ్చి కనిపెట్టాడు. ఇప్పుడక్కడ ఒక ఫలకం ఉంది. మేం దిగే మైలో మెకైవర్ స్టేట్ పార్క్ నుంచి అది కారులో కొద్ది దూరమే.

నా ఉద్యోగంలో ఒక రాయి చూపించి 'హద్దు ఇదే' అన్నానంటే అది మాట ఇచ్చినట్టే. ఆ మాటను నమ్మి అన్నదమ్ములు గట్టు వేసుకునేవాళ్లు. ఈ ఆటలో ఆస్తి తగాదాలు లేకపోవచ్చు. కానీ మనం చెప్పిన అంకెలను నమ్ముకుని ఎక్కడెక్కడి నుంచో పిల్లల్ని వెంటబెట్టుకుని మనుషులు అడవిలోకి వస్తారు. అందుకే కింద రాసినవాటిలో ఎక్కువ భాగం దాచేవాళ్ల కోసమే. వెతికేవాళ్లకు పనికొచ్చేవి కూడా కొన్ని ఉన్నాయి.

1. చివరి ముప్పై అడుగులు కంటితో వెతకాల్సినవి.

ఆకాశం బాగా కనిపించే బయలులో ఫోన్ ఐదు మీటర్ల తేడాలోపే చోటు చూపిస్తుంది. క్లాకమస్ ఒడ్డున అలా కుదరదు. డగ్లస్ ఫర్ చెట్లు అరవై మీటర్లు కూడా పెరుగుతాయి, కొమ్మలు ఏడాదిలో చాలా నెలలు తడిగానే ఉంటాయి. ఒక పక్క నది, ఇంకో పక్క నిటారు గట్టు. ఆ గట్టు కొన్ని ఉపగ్రహాలను మరుగు చేస్తుంది. మిగిలినవాటి సంకేతాలు మానులకూ బండలకూ తగిలి కాస్త ఆలస్యంగా అందుతాయి. ఆ ఆలస్యాన్ని ఫోన్ దూరంగా లెక్కకడుతుంది. అక్కడ పది, పదిహేను మీటర్ల తేడా మామూలే.

తెర మీది బాణం గుర్తు గుండ్రంగా తిరుగుతుంటే దాని వెంట మీరూ తిరగకండి. ఆగి, ఫోన్‌ను కదపకుండా ఒక నిమిషం పట్టుకోండి. తర్వాత పాతిక, ముప్పై మీటర్లు వెనక్కి వెళ్లి మరో దిక్కు నుంచి తిన్నగా నడిచి రండి. ఇలా మూడు దిక్కుల నుంచి వస్తే మూడు గీతలూ ఎక్కడ కలుస్తున్నాయో తెలుస్తుంది. వెతకాల్సింది ఆ మేరలోనే. పొలంలో హద్దు రాయి పోయినప్పుడు మేం చేసిందీ ఇదే. టిప్పన్, అంటే ఆ పొలం కొలతల పటం, ముందు పెట్టుకుని, చెదరకుండా ఉన్న మూడు రాళ్ల నుంచి కొలుచుకుంటూ వస్తే పోయిన రాయి చోటు తేలేది.

ఇంకొక మాట. అడవిలోకి వెళ్లాక సిగ్నల్ ఉండదు. మ్యాపు, పెట్టె వివరాలు, సూచన, ముందు వచ్చినవాళ్లు రాసిన మాటలు అన్నీ ఇంటి దగ్గరే ఫోన్‌లోకి దించుకోండి.

2. అంకెలు ఎలా రాశారో చూసి నడవండి.

ఒకే చోటును మూడు రకాలుగా రాయవచ్చు. మాకు ఉద్యోగంలో డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు అలవాటు. ఫోన్ మ్యాపులు డిగ్రీలకే దశాంశం పెట్టి చూపిస్తాయి. జియోక్యాషింగ్‌లో డిగ్రీలు, ఆపైన దశాంశంతో నిమిషాలు రాస్తారు. అల్మర్ బకెట్ పెట్టిన చోటు అక్షాంశం ఉత్తరం 45 డిగ్రీల 17.460 నిమిషాలు. దాన్ని 17 నిమిషాల 46 సెకన్లు అని చదివితే ఉత్తరానికి అర కిలోమీటరు దాటి పోతారు. ఎందుకంటే 0.460 నిమిషమంటే 27.6 సెకన్లే. ఒక్క సెకను అక్షాంశమంటే నేల మీద దాదాపు 31 మీటర్లు.

చివరి అంకె విలువ కూడా తెలిసి ఉండాలి. నిమిషంలో వెయ్యో వంతు ఉత్తర దక్షిణాలుగా 1.85 మీటర్లు. తూర్పు పడమరలుగా ఒరెగాన్‌లో అది 1.3 మీటర్లే, ధ్రువం వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కదా. అంటే అంకెల్లో చూపించే సూక్ష్మత యంత్రానికి ఉన్న సూక్ష్మత కంటే ఎక్కువ. దాచేవాళ్లు ఒక్కసారి చూసిన అంకెనే రాసి ఊరుకోకూడదు. వేర్వేరు వేళల్లో, వీలైతే వేర్వేరు రోజుల్లో అదే చోట నిలబడి అంకెలు తీసి సగటు కట్టాలి. ఉపగ్రహాల అమరిక గంటగంటకూ మారుతుంది కాబట్టి ఒక పూట వచ్చిన తేడా మరో పూట కొంత సర్దుకుంటుంది.

3. అడవి తానుగా చేయని పని ఎక్కడుందో చూడండి.

ఇది మా మనవరాలి దగ్గర నేర్చుకున్నాను. "తాతయ్యా, ఈ కర్రలన్నీ ఒకే పొడవు ఎందుకున్నాయి?" అని అడిగింది. పడిపోయిన మాను పక్కన చేయి పొడవు కర్రలు వరసగా పేర్చి ఉన్నాయి. గాలికి విరిగిన కొమ్మ అలా పడదు. బోదె తొర్రకు అడ్డం పెట్టిన బెరడు ముక్క, చుట్టూ పచ్చగా ఉన్న నాచు మధ్య పొడిబారిన ఒక్క రాయి, అందరూ తొక్కి వంచిన ఫెర్న్ ఆకులు, ఇలాంటివే ఆచూకీలు. కంటికి ఇవి పట్టాకే చేయి పెట్టాలి. అనుమానం వచ్చిన ప్రతి చోటా నాచు పెకలించి, బెరడు ఊడబీకి వెతికేవాళ్లను చూశాను. అడవికి ఆ గాయం చాలా కాలం ఉంటుంది. పైగా పుచ్చిన మొద్దుల్లో, నేల బొరియల్లో ఎల్లోజాకెట్ కందిరీగలు గూడు కడతాయి. చూడకుండా చేయి దూర్చకండి. ముందు కర్రతో తట్టి, కాసేపు ఆగి చూడండి.

4. ఒడ్డున దాచేముందు నది ఎక్కడిదాకా వస్తుందో తెలుసుకోండి.

క్లాకమస్ కాస్కేడ్ పర్వతాల్లో పుట్టి, ఒరెగాన్ సిటీ దగ్గర విలామెట్ నదిలో కలుస్తుంది. జూలైలో చూసినవాళ్లకు మోకాలు లోతు నీళ్లు, తెల్లటి గులకరాళ్లు కనిపిస్తాయి. గులకరాళ్ల అంచున ఉన్న మొద్దు పెట్టెకు చక్కగా సరిపోతుందనిపిస్తుంది. కానీ అక్కడ వానలు నవంబరు నుంచి పడతాయి. కొండ మీద మంచు ఉండగా వెచ్చటి వాన కురిస్తే వానా, కరిగిన మంచూ కలిసి ఒక్కసారిగా దిగుతాయి. 1996 ఫిబ్రవరిలో విలామెట్ లోయ మొత్తానికి వచ్చిన పెద్ద వరద అలా వచ్చిందే.

నది తన మట్టాన్ని తానే రాసిపెడుతుంది. పొదల్లో తల ఎత్తున చిక్కుకున్న ఎండు గడ్డి, మానుల మీద బురద గీత, ఒకే వైపు ఒరిగిన విల్లో కొమ్మలు చూడండి. సర్వేలో చెరువు శిఖం హద్దు కట్టడానికి మేం ఇలాంటివే వెతికేవాళ్లం, ఊళ్లో పెద్దవాళ్లను కూడా అడిగేవాళ్లం. ఇక్కడైతే పార్క్ రేంజర్లను అడగవచ్చు. ఆ గీతకు బాగా ఎగువన దాచండి. కొట్టుకుపోయిన పెట్టె ఆటలోంచి పోవడంతో సరిపోదు, ప్లాస్టిక్ చెత్తగా నదిలో మిగులుతుంది. సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురీది వచ్చే నది అది.

ఎస్టకాడా అనే ఊరి దగ్గర నది మీద రివర్ మిల్ డ్యామ్ ఉంది, ఇంకా ఎగువన మరికొన్ని ఉన్నాయి. అక్కడ నీళ్లు వదిలితే ఎండ కాస్తున్నా నీటి మట్టం మారుతుంది. వెతికేవాళ్లు నీళ్లు దాటాల్సిన చోట పెట్టె పెట్టకండి. ఆ నీళ్లు ఆగస్టులో కూడా చల్లగానే ఉంటాయి. ఈత బాగా వచ్చిన కుర్రవాడికి కూడా ఆ చలికి ఊపిరి అందదు. పిల్లల్ని లైఫ్ జాకెట్ లేకుండా ఒడ్డు దిగనివ్వను. ఇంట్లో ఎవరు ఏమన్నా ఈ విషయంలో నేను తగ్గను.

నిప్పు సంగతీ చెప్పాలి. 2020 సెప్టెంబరులో ఎస్టకాడాకు ఎగువన, నది పక్కనున్న రివర్‌సైడ్ క్యాంప్‌గ్రౌండ్ పేరుతో పిలిచే రివర్‌సైడ్ ఫైర్ అనే కార్చిచ్చు లక్షా ముప్పై వేలకు పైగా ఎకరాలను కాల్చింది. మొదలైంది మనుషుల వల్లే. నది వెంట ఉన్న అడవి, క్యాంప్‌గ్రౌండ్లు దెబ్బతిన్నాయి. కాలి నిలబడిన మానులు ఏళ్ల తర్వాత కూడా గాలికి కూలుతాయి. అలాంటి మాను కింద పెట్టె దాచినవాడు మనుషుల్ని ఆ మాను కిందికే పిలుస్తున్నట్టు. యాప్‌లో వివరాలు పాతవైపోవచ్చు. వెళ్లేముందు దారి తెరిచి ఉందా, మంటల నిషేధం ఉందా అన్నది అటవీ శాఖ ప్రకటనల్లో చూసుకోండి.

5. తవ్వకూడదు, అడగకుండా పెట్టకూడదు, ఎనిమిది గొలుసుల దూరం పాటించాలి.

అల్మర్ తన బకెట్‌ను సగం నేలలో పాతాడు. ఇప్పుడు నేల తవ్వి దాచడం నిషేధం. స్థలం ఎవరి చేతిలో ఉందో వాళ్ల అనుమతి ఉండాలి. స్టేట్ పార్కు అయితే అక్కడి సిబ్బందిని కలిసి, చోటు చూపించి అడగండి. నేషనల్ పార్కుల్లో మామూలుగా పెట్టెలకు అనుమతి దొరకదు, నేషనల్ ఫారెస్టుల్లో వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన భాగాల్లోనూ అంతే. అలాంటి చోట ఎర్త్‌క్యాష్ అనే పద్ధతి ఉంది. పెట్టె ఉండదు. బండనో జలపాతాన్నో పరిశీలించి, అది ఎలా ఏర్పడిందో అడిగిన ప్రశ్నలకు జవాబు పంపాలి. అమెరికా భూవిజ్ఞాన సంఘంతో కలిసి 2004లో మొదలుపెట్టారు. నాకు పెట్టెల కంటే ఇవే ఎక్కువ ఇష్టం.

ఒక పెట్టెకూ ఇంకో పెట్టెకూ మధ్య కనీసం 528 అడుగులుండాలి. ఈ అంకె చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అది మైలులో పదో వంతు, అంటే సరిగ్గా ఎనిమిది గొలుసులు. 66 అడుగుల గుంటర్ గొలుసు ఎనభై సార్లు పరిస్తే మైలు. మన గుంట అర గొలుసు పొడవు, అర గొలుసు వెడల్పు. అలాంటి నలభై కలిస్తే ఎకరం. ఒరెగాన్‌ను కొలిచిందీ ఈ గొలుసుతోనే. పోర్ట్‌లాండ్ పడమటి కొండల మీద విలామెట్ స్టోన్ అని ఒక చోటుంది. 1851 జూన్‌లో సర్వేయర్ జనరల్ జాన్ ప్రెస్టన్ అక్కడ దేవదారు జాతి కర్ర ఒకటి పాతించాడు. ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల భూముల చతురాలన్నీ ఆ బిందువు నుంచే లెక్క. 1885లో కర్ర తీసి రాయి నాటారు. చతురం మూల పడిన ప్రతి చోటా చుట్టుపక్కల చెట్లకు గాటు పెట్టి, దిక్కూ దూరమూ పుస్తకంలో రాసేవాళ్లట. మూల గుర్తు పోయినా ఆ సాక్షి చెట్లు చోటు చెబుతాయి. ఒరెగాన్ వెళ్లే సర్వేయర్లెవరైనా ఉంటే షాపింగ్ మాల్ మానుకుని ఆ రాయి చూసి రండి. చెట్ల మధ్య చిన్న నడకే.

6. పెట్టెలో ఏముందో బయటికి తెలియాలి.

2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పేలినప్పటి నుంచి హైదరాబాదులో దిక్కులేని సంచి కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది. ఆ భయం న్యాయమైనది. అమెరికాలోనూ వంతెన కింద కనిపించిన పెట్టెను చూసి బాంబు స్క్వాడ్‌ను పిలిచిన సందర్భాలున్నాయి. కాబట్టి లోపలిది కనిపించే డబ్బా వాడండి, లేదా పైన పెద్ద అక్షరాలతో జియోక్యాష్ అని, యాప్‌లో ఉన్న పేరు, పార్కు అనుమతి వివరం రాయండి. సైన్యం వాడి అమ్మేసిన తూటాల పెట్టెలు గట్టివి, మూతకు రబ్బరు ఉంటుంది, వానకు చుక్క నీరు దిగదు. అవి వాడితే పాత సైనిక గుర్తులు కనబడకుండా రంగు వేయడం తప్పనిసరి. బడుల దగ్గర, వంతెనల దగ్గర, రైలు పట్టాల దగ్గర పెట్టనే కూడదు.

7. లోపల తినేవి వద్దు.

పేర్లు రాసే పుస్తకంతో పాటు పెట్టెలో మార్చుకోవడానికి చిన్న వస్తువులు కూడా పెడతారు. అల్మర్ దాచిన మొదటి బకెట్‌లో పుస్తకాలు, కొంత డబ్బు, ఒక ఉండేలుతో పాటు బీన్స్ డబ్బా కూడా ఉంది. ఆ డబ్బా ఇప్పటికీ ఆటగాళ్ల వేడుకల్లో తిరుగుతూ ఉంటుంది. కానీ అడవిలో తిండి వాసన తగిలితే రకూన్లు, ఎలుగుబంట్లు డబ్బా నమిలేస్తాయి. వాసనల సబ్బులు, కొవ్వొత్తులు కూడా పెట్టకండి. మన ఊరి గుర్తుగా చింతగింజలు, గురివిందలు పెట్టే మనవాళ్లున్నారు. పరాయి అడవిలో విత్తనాలు వదలడం మంచిది కాదు, గురివింద గింజ అయితే విషం కూడా. గాజు గోళీలు, గవ్వలు, పాత పది పైసల బిళ్లలు, చిన్న కొండపల్లి బొమ్మ పెట్టండి. పిల్లలు పెట్టెలోంచి ఏదైనా తీసుకుంటే అంత విలువైనదో, అంతకంటే మంచిదో వదలాలి.

పుస్తకానికి తడి తగలని కాగితం, రాయడానికి పెన్సిల్. పక్క రాష్ట్రంలోని టకోమాలో రైట్ ఇన్ ద రెయిన్ అనే పేరుతో వానలో రాసుకునే కాగితం తయారుచేస్తారు. అక్కడి కలప పనివాళ్లు, సర్వేయర్లు దశాబ్దాలుగా వాడుతున్నారు. ఇంత మంచి ఫీల్డ్ బుక్ మాకు ఉద్యోగంలో దొరికి ఉంటే ముసురు రోజుల్లో ఎన్ని కొలతలు నిలిచేవో.

8. నక్షత్రాలు చూసుకుని బయల్దేరండి.

ప్రతి పెట్టెకూ వెతకడంలో కష్టం, నేల కష్టం అని ఒకటి నుంచి ఐదు నక్షత్రాల దాకా రెండు అంకెలుంటాయి. నేల కష్టం ఒకటి అంటే చక్రాల కుర్చీలో కూడా చేరుకోవచ్చు. ఐదు అంటే పడవో, తాళ్లో కావాలి. మోకాళ్ల నొప్పులున్న నా ఈడువాళ్లు రెండు దాటకుండా ఎంచుకుంటే హాయిగా తిరగవచ్చు. దాచేవాళ్లు ఈ అంకెలు తమ వయసును బట్టి వేయకూడదు.

9. దొరకకపోతే దొరకలేదనే రాయండి.

చాలామంది సిగ్గుపడి రాయరు. వరసగా నలుగురు దొరకలేదని రాస్తేనే పెట్టె పోయిందేమోనని దాచినవాళ్లకు తెలిసేది. ఆ మాట రాయడం సాయం చేయడమే.

10. క్యాంప్‌గ్రౌండ్‌లో ఇతరుల వాకిలి తొక్కకండి.

అద్దెకు తీసుకున్న ప్రతి సైటూ ఆ రెండు రోజులకు వాళ్ల ఇల్లే. దగ్గరి దారి అని టెంట్ల మధ్య నుంచి పోకూడదు. రాత్రి పది దాటాక గట్టిగా మాట్లాడకూడదు, టార్చి లైట్లు టెంట్ల మీద పడకూడదు. మనవాళ్లు నాలుగు కుటుంబాలు కలిస్తే పాటలు, అంత్యాక్షరి సాగుతూనే ఉంటాయి. సాయంత్రం ముగించేయండి.

కాలిబాట వదిలి వెళ్లేటప్పుడు నిండు ప్యాంటు, బూట్లు ఉండాలి. మూడు ఆకులు గుత్తిగా మెరిసే పాయిజన్ ఓక్ అక్కడ ఎక్కువ. రజకులు బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి కుటుంబానికి చెందిన మొక్కే అది. రసం తగిలితే చర్మం అలాగే పొంగి పుండు పడుతుంది. తగిలిందనుకుంటే వెంటనే సబ్బుతో కడిగి, బట్టలు విడిగా ఉతకాలి. వచ్చేటప్పుడు ఒక సంచి తీసుకెళ్లి దారిలో కనిపించిన చెత్త ఏరుకురండి. ఆటగాళ్లు 2002 నుంచి దీన్ని ఒక కార్యక్రమంగానే చేస్తున్నారు.

11. ఆరు నెలల చుట్టం తన పేరున పెట్టె దాచకూడదు.

నాలాంటి తల్లిదండ్రులకు ఇది గట్టిగా చెబుతాను. విజిటర్ వీసా మీద వస్తాం, అడవి నచ్చుతుంది, మనమూ ఒకటి దాచాలనిపిస్తుంది. తర్వాత విమానం ఎక్కి వెళ్లిపోతాం. ఆ పెట్టె తడిసినా, మూత పగిలినా, చెట్టు కూలినా చూసేవాళ్లుండరు. అందుకే దూరం నుంచి సెలవులకు వచ్చినవాళ్లు దాచే పెట్టెలను ఆట నియమాలు ఒప్పుకోవు. దాచినవాళ్లు వెళ్లి బాగు చేయగలిగినంత దగ్గరలో ఉండాలి. పట్టించుకోకపోతే పర్యవేక్షించేవాళ్లు ముందు హెచ్చరిస్తారు, తర్వాత జాబితాలోంచి తీసేస్తారు. సర్వే రాయికి కూడా ఎవరో ఒకరి కాపలా ఉండాలని మా పాత నియమాలు చెప్పేవి. రాయి పోయిందని పట్టాదారు, గ్రామాధికారి కబురు పెట్టాలి. కాపలా లేని రాయి నాలుగు దుక్కుల్లో కదిలిపోతుంది.

మా ఇంటివాళ్లం దాచిన ఒక్క పెట్టె అమ్మాయి పేరునే ఉంది. అనుమతి అడిగింది తను, సందేశాలు వచ్చేది తనకు. నేనున్నప్పుడు అంకెలు తీసి సగటు కట్టడం, చోటు ఎంచడం నా పని. లేనప్పుడు చలికాలం వానలు తగ్గాక మార్చిలో ఒకసారి, వేసవి రద్దీ ముగిశాక సెప్టెంబరులో ఒకసారి తను, మనవరాలు వెళ్లి చూసొస్తారు. చూడాల్సినవి ఒక కాగితం మీద రాసిచ్చాను: మూత రబ్బరు పగిలిందా, లోపల తేమ ఉందా, పుస్తకంలో ఖాళీ పేజీలున్నాయా, పెన్సిల్ చెక్కి ఉందా, పైనున్న మానుకు ఎండు కొమ్మలున్నాయా, వరద గీత కిందటి ఏడు కంటే పైకి వచ్చిందా, జనం తొక్కి కొత్త బాట పడుతోందా. బాట పడుతుంటే పెట్టెను కొంతకాలం ఆపేసి ఫెర్న్‌లు లేచేదాకా ఆగమన్నాను. ఈసారి రబ్బరు గట్టిపడినట్టుంది. సైన్యం మిగులు సామాను అమ్మే దుకాణంలో ఆ కొలతకు దొరుకుతుంది, వానలు మొదలయ్యేలోపు మార్చాలి.